పెడల్ నుంచి ప్రెజర్ ప్లేటు దాకా: ఇంజను మార్చిన పాత కారుకు హైడ్రాలిక్ క్లచ్



పాస్కల్ నియమాన్ని మీరు ఉన్నత పాఠశాలలోనే చదివి ఉంటారు. మూసి ఉన్న పాత్రలోని ద్రవంపై ఒకచోట పీడనం కలగజేస్తే, ఆ పీడనం తగ్గకుండా అన్ని దిశలకూ సమానంగా వ్యాపిస్తుంది. ఉదాహరణగా హైడ్రాలిక్ జాకీ బొమ్మ వేస్తాం. చిన్న పిస్టన్ మీద కొద్ది బలం ప్రయోగిస్తే పెద్ద పిస్టన్ మీద ఎక్కువ బలం వస్తుందని రాస్తాం. సాధారణంగా పాఠం అక్కడితో ముగుస్తుంది.

అక్కడ అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ చిన్న పిస్టన్ ఎంత దూరం కదలాలి? బలం ఎన్ని రెట్లు పెరిగితే కదలిక అన్ని రెట్లు తగ్గుతుంది. జాకీ విషయంలో ఇది పెద్ద ఇబ్బంది కాదు, పిడిని మరో పదిసార్లు కొడతాం. కాని కారు క్లచ్ పెడల్‌ను ఒక్కసారే తొక్కుతాం. ఆ ఒక్క తొక్కుడులోనే పని పూర్తి కావాలి. పాత కారులో ఇంజను మార్చి, దానికి హైడ్రాలిక్ క్లచ్ అమర్చే పని అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. కొత్త భాగాలు కొని బిగించినంత మాత్రాన అవి కలిసి పనిచేయవు. వాటి కొలతలు ఒకదానితో ఒకటి పొసగాలి. ఈ పాఠంలో ఆ లెక్కను మొదటి నుంచి చివరి వరకు చేసి చూద్దాం.

క్లచ్ చేసే పని ఏమిటి?

ఇంజను ఆగకుండా తిరుగుతూ ఉండగానే కారు నిలబడాలి, కదలాలి, గేర్లు మారాలి. అందుకోసం ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య బంధాన్ని మన ఇష్టప్రకారం తెంచగల, మళ్లీ కలపగల ఏర్పాటు ఉండాలి. అదే క్లచ్.

ఇంజను చివర ఫ్లైవీల్ అనే బరువైన ఇనుప చక్రం తిరుగుతూ ఉంటుంది. దాని ముఖానికి ఆనుకుని క్లచ్ ప్లేటు ఉంటుంది. ఈ ప్లేటు గేరుబాక్సు షాఫ్టు మీదున్న గాళ్లలో కూర్చుని, ఆ షాఫ్టుతో కలిసి తిరుగుతుంది. క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు గట్టిగా అదిమిపట్టేది ప్రెజర్ ప్లేటు. దాని వెనుక స్ప్రింగులు ఉంటాయి. పాత కార్లలో చుట్ట స్ప్రింగులు, తరువాతి కార్లలో పళ్లెం ఆకారపు డయాఫ్రమ్ స్ప్రింగు వాడారు.

ఇక్కడ పనిచేసేది ఘర్షణ. క్లచ్ ప్లేటుకు రెండు ముఖాలు ఉన్నాయి కనుక అది మోయగల టార్క్‌ను ఇలా లెక్కిస్తాం: ఘర్షణ గుణకాన్ని స్ప్రింగు బలంతో, సగటు వ్యాసార్ధంతో, ఆపైన 2తో గుణించాలి. ఘర్షణ గుణకం 0.3, స్ప్రింగు బలం 3000 న్యూటన్లు, సగటు వ్యాసార్ధం 0.08 మీటరు అనుకుంటే, టార్క్ 144 న్యూటన్ మీటర్లు వస్తుంది. ఇంజను ఇచ్చే గరిష్ఠ టార్క్ కన్నా ఇది తగినంత ఎక్కువ ఉండాలి. లేకపోతే ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ జారుతుంది, వేడెక్కుతుంది, మాడిన వాసన వస్తుంది.

పెడల్ తొక్కినప్పుడు ఒక ఫోర్కు కదిలి రిలీజ్ బేరింగును ముందుకు నెడుతుంది. బేరింగు స్ప్రింగును నొక్కుతుంది, ప్రెజర్ ప్లేటు వెనక్కు జరుగుతుంది, క్లచ్ ప్లేటు స్వేచ్ఛగా తిరుగుతుంది. బేరింగు కొన్ని మిల్లీమీటర్లు కదిలితే చాలు. ఆ కొన్ని మిల్లీమీటర్లు మాత్రం పూర్తిగా రావాలి. ఒక్క మిల్లీమీటరు తక్కువైనా క్లచ్ పూర్తిగా విడిపోదు. గేరు వేసేటప్పుడు గరగరమనే చప్పుడు వస్తుంది. అలాగే నడిపితే గేరుబాక్సులోని సింక్రో రింగులు, గేరు పళ్లు అరిగిపోతాయి.

ఒక నిజమైన ఉదాహరణ: మోరిస్ మైనర్

పాత కార్లలో ఇంజను మార్పిడి గురించి మాట్లాడేటప్పుడు బ్రిటన్‌కు చెందిన మోరిస్ మైనర్ మంచి ఉదాహరణ. అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన ఈ కారు 1948లో లండన్‌లో జరిగిన మోటారు ప్రదర్శనలో విడుదలైంది. తరువాత 1959లో వచ్చిన ప్రసిద్ధమైన మినీ కారును రూపొందించినవాడు కూడా ఆయనే. మైనర్ ఉత్పత్తి 1970ల ఆరంభం వరకు సాగింది. పది లక్షల సంఖ్యను దాటిన మొదటి బ్రిటిష్ కారు ఇదే. మోరిస్ పేరు మనకూ కొత్త కాదు. అదే కంపెనీ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారే పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో అంబాసిడర్‌గా రూపుదిద్దుకుని, 1950ల చివరి నుంచి 2014 వరకు తయారైంది. ఆ అంబాసిడర్‌కు కూడా 1990లలో కర్మాగారంలోనే 1.8 లీటర్ల ఇసుజు ఇంజను అమర్చారు.

మైనర్‌లో మొదట 918 ఘన సెంటీమీటర్ల సైడ్ వాల్వ్ ఇంజను ఉండేది. 1952 నుంచి ఎ-సిరీస్ ఇంజన్లు వచ్చాయి. మొదట 803, 1956లో 948, 1962లో 1098 ఘన సెంటీమీటర్ల ఇంజను అమర్చారు. చివరిదాని గరిష్ఠ టార్క్ సుమారు 81 న్యూటన్ మీటర్లు. నేటి రహదారుల వేగానికి ఇది చాలదనుకున్న యజమానులు ఇదే ఎ-సిరీస్ కుటుంబానికి చెందిన 1275 ఘన సెంటీమీటర్ల ఇంజనును పెట్టుకుంటారు. ఎం.జి. మిడ్జెట్ కారులో 1966 నుంచి వాడిన ఆ ఇంజను సుమారు 98 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. మరికొందరు వేరే కంపెనీల ఇంజన్లను, అయిదు గేర్ల గేరుబాక్సులను అమరుస్తారు.

ఇక్కడే చిక్కు వస్తుంది. మైనర్‌లో క్లచ్ పనిచేసేది కేవలం కడ్డీలతో. పెడల్ కాండం నేల రేకు గుండా కిందికి దిగుతుంది. అక్కడి నుంచి ఒక కడ్డీ, ఒక అడ్డ షాఫ్టు, దానికి ఉన్న లీవర్లు, మరో కడ్డీ ద్వారా కదలిక క్లచ్ ఫోర్కుకు చేరుతుంది. అడ్డ షాఫ్టు ఒకవైపు ఛాసిస్‌కు, మరోవైపు ఇంజను, గేరుబాక్సు ఉన్న వైపుకు ఆనుకుని ఉంటుంది. ఈ ఏర్పాటు సులువైనదే, చౌకైనదే. కాని అది ఒక్క ఇంజనుకు, ఒక్క గేరుబాక్సుకు సరిపోయేలా చేసినది. కొత్త గేరుబాక్సులో ఫోర్కు వేరే చోట, వేరే కోణంలో ఉండవచ్చు, ఒక్కోసారి అవతలి వైపే ఉండవచ్చు. కడ్డీల దారిలో స్టీరింగు గొట్టమో, పొగ గొట్టమో అడ్డం రావచ్చు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఇంజను రబ్బరు దిండ్ల మీద కూర్చుని ఉంటుంది. క్లచ్ పట్టుకునే క్షణంలో టార్క్ ప్రతిచర్య వల్ల అది పక్కకు ఊగుతుంది. ఇంజను ఊగితే కడ్డీ లాగబడుతుంది. కడ్డీ లాగబడితే క్లచ్ కొద్దిగా విడుతుంది. విడితే ఇంజను వెనక్కు ఊగుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. కారు వణుకుతూ కదలడానికి ఇదొక కారణం. ఎక్కువ టార్క్ ఉన్న ఇంజను పెడితే ఈ వణుకు పెరగవచ్చు.

హైడ్రాలిక్ పద్ధతిలో కడ్డీల స్థానంలో సన్నని గొట్టం వస్తుంది. గొట్టాన్ని ఎటు కావాలంటే అటు వంచవచ్చు. చివర ఒక రబ్బరు గొట్టం ఉంటే, ఇంజను ఊగినా పీడనం మారదు. అంటే ఈ మార్పు అసలు ప్రయోజనం పెడల్ తేలిక కావడం కాదు. దారి ఎలా ఉన్నా బలాన్ని చేర్చగలగడం. పెడల్ తేలికవుతుందా లేదా అన్నది మనం ఎన్నుకునే కొలతల మీద ఆధారపడుతుంది.

కొలతలు ముందు, కోతలు తరువాత

హైడ్రాలిక్ క్లచ్‌లో ముఖ్యమైన భాగాలు నాలుగు. పెడల్ నెట్టే పిస్టన్ ఉన్నది మాస్టర్ సిలిండరు. ఫోర్కును నెట్టే పిస్టన్ ఉన్నది స్లేవ్ సిలిండరు. రెంటినీ కలిపేది గొట్టం. మాస్టర్ సిలిండరుకు ద్రవాన్ని అందించేది చిన్న ట్యాంకు. పెడల్ ఒక లీవరు, ఫోర్కు ఇంకో లీవరు. రెండు లీవర్ల మధ్య ద్రవం ఉందన్నమాట.

లెక్కను ఎప్పుడూ క్లచ్ వైపు నుంచి మొదలుపెట్టాలి. మనకు కావలసినది అక్కడ ఉంది. ఉదాహరణకు కొన్ని అంకెలు తీసుకుందాం. నిజమైన కారులో వీటిని స్కేలుతో, వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచి తీసుకోవాలి.

రిలీజ్ బేరింగు 8 మిల్లీమీటర్లు కదలాలి, అందుకు 1200 న్యూటన్ల బలం కావాలి అనుకుందాం. ఫోర్కు నిష్పత్తి 2:1. అంటే స్లేవ్ పిస్టన్ 16 మి.మీ. కదలాలి, 600 న్యూటన్ల బలం ఇవ్వాలి. స్లేవ్ సిలిండరు లోపలి వ్యాసం 22 మి.మీ. అయితే దాని వైశాల్యం 380 చదరపు మి.మీ. కనుక కావలసిన ద్రవం 380ని 16తో గుణిస్తే వచ్చే 6080 ఘన మి.మీ., అంటే సుమారు 6.1 ఘన సెంటీమీటర్లు. ఒక టీస్పూను కన్నా కాస్త ఎక్కువ. కావలసిన పీడనం 600ను 380తో భాగిస్తే 1.58 న్యూటన్లు, ప్రతి చదరపు మిల్లీమీటరుకు. ఇది వాతావరణ పీడనానికి దాదాపు 16 రెట్లు.

ఇప్పుడు పెడల్ వైపు చూద్దాం. పెడల్ నిష్పత్తి 5:1 అనుకుందాం. పాదం 130 మి.మీ. కదిలితే మాస్టర్ సిలిండరు కడ్డీ 26 మి.మీ. కదులుతుంది. ఇందులో కడ్డీకి వదలవలసిన సందు, పిస్టన్ ట్యాంకు రంధ్రాన్ని దాటడానికి పట్టే దూరం కలిసి 3 మి.మీ. పోతాయనుకుంటే, పనికివచ్చేది 23 మి.మీ. ఈ 23 మిల్లీమీటర్లలో 6.1 ఘన సెంటీమీటర్ల ద్రవాన్ని పంపగల సిలిండరు కావాలి. మూడు సిలిండర్లను పరీక్షిద్దాం.

మొదటిది, 16 మి.మీ. వ్యాసం ఉన్నది. వైశాల్యం 201 చదరపు మి.మీ. పంపే ద్రవం 4.6 ఘన సెం.మీ. బేరింగు కదలిక 6.1 మి.మీ. మాత్రమే. పెడల్ మీద బలం సుమారు 63 న్యూటన్లు. పెడల్ హాయిగా ఉంటుంది, కాని క్లచ్ విడిపోదు.

రెండోది, 19 మి.మీ. వ్యాసం ఉన్నది. వైశాల్యం 283.5 చదరపు మి.మీ. పంపే ద్రవం 6.5 ఘన సెం.మీ. బేరింగు కదలిక 8.6 మి.మీ. పెడల్ మీద బలం సుమారు 90 న్యూటన్లు, అంటే 9 కిలోగ్రాముల భారం. క్లచ్ విడిపోతుంది, కొద్దిపాటి మిగులు కూడా ఉంది.

మూడోది, 22 మి.మీ. వ్యాసం ఉన్నది. పంపే ద్రవం 8.7 ఘన సెం.మీ. బేరింగు కదలిక 11.5 మి.మీ. పెడల్ మీద బలం 120 న్యూటన్లు. పెడల్ బరువెక్కుతుంది. అంతకన్నా ముఖ్యం, డయాఫ్రమ్ స్ప్రింగు అవసరానికి మించి వంగి దెబ్బతినవచ్చు.

ఈ అంకెలను పని, శక్తి పాఠంతో సరిచూడండి. 19 మి.మీ. సిలిండరుతో పాదం చేసే పని: 90 న్యూటన్లు, 0.115 మీటరు, అంటే 10.3 జౌళ్లు. బేరింగు దగ్గర జరిగే పని: 1200 న్యూటన్లు, 0.0086 మీటరు, అదీ 10.3 జౌళ్లే. ఘర్షణ నష్టాలను వదిలేస్తే రెండూ సమానం. ద్రవం మనకు శక్తిని ఉచితంగా ఇవ్వదు. పెడల్‌ను తేలిక చేయాలని చిన్న సిలిండరు పెట్టిన ప్రతిసారీ ఆ తేలికకు మూల్యం కదలిక రూపంలో చెల్లించాలి. పెడల్ ప్రయాణానికి హద్దు ఉంది, ఎందుకంటే మనిషి కాలికి, నేల రేకుకు హద్దు ఉంది.

ఒక జాగ్రత్త గమనించండి. ఎక్కువ టార్క్ కోసం బలమైన స్ప్రింగు ఉన్న ప్రెజర్ ప్లేటు పెడితే 1200 న్యూటన్ల చోట 1600 కావచ్చు. అప్పుడు 90 న్యూటన్ల పెడల్ 120 అవుతుంది. కనుక క్లచ్‌ను ఇంజనుకు తగినంత బలంగా ఎన్నుకోవాలి, దొరికినవాటిలో అన్నిటికన్నా బలమైనదాన్ని కాదు.

బిగించేటప్పుడు

మాస్టర్ సిలిండరును ఎక్కడ పెట్టాలన్నది మొదటి నిర్ణయం. మైనర్‌లో బ్రేకు మాస్టర్ సిలిండరు డ్రైవరు కాళ్ల కింద, ఛాసిస్ దూలంలో దాగి ఉంటుంది. క్లచ్ సిలిండరును కూడా అక్కడే నేల కింద అమర్చి, పాత పెడల్‌నే వాడుకోవడం ఒక మార్గం. అప్పుడు ట్యాంకును ఇంజను గదిలో ఎత్తుగా పెట్టి, గొట్టంతో కలపాలి. ఇంజను గదికీ డ్రైవరు కాళ్లకూ మధ్య ఉండే రేకు గోడకు సిలిండరును బిగించి, పైనుంచి వేలాడే పెడల్ పెట్టడం రెండో మార్గం. సిలిండరు చేతికి అందుతుంది, బురద తగలదు. కాని రేకు కోయాలి.

రెండో మార్గంలో ఒక ప్రమాదం ఉంది. మన లెక్కలో మాస్టర్ సిలిండరు కడ్డీ మీద బలం 448 న్యూటన్లు. న్యూటన్ మూడో నియమం ప్రకారం ఆ గోడ మీద కూడా అంతే బలం పడుతుంది. అది పల్చని రేకు అయితే వంగుతుంది. గోడ 1 మి.మీ. వంగితే 23 మిల్లీమీటర్లలో ఒకటి పోయినట్లే. అంతేకాక, వేల సార్లు వంగిన రేకు చివరికి చిట్లుతుంది. అందుకే గోడ వెనుక మందమైన ఉక్కు పలక వేసి బలపరచాలి. పెడల్‌కు పైన, కింద కూడా ఆపుడు మరలు ఉండాలి. పిస్టన్ సిలిండరు చివరను గుద్దుకుని ఆగే పరిస్థితి రాకూడదు.

స్లేవ్ సిలిండరును ఎప్పుడూ గేరుబాక్సు ముందుభాగమైన బెల్ హౌసింగుకే బిగించాలి, కారు శరీరానికి కాదు. శరీరానికి బిగిస్తే ఇంజను ఊగినప్పుడు మళ్లీ పాత వణుకే వస్తుంది. నెట్టే కడ్డీ సిలిండరుతో ఒకే సరళరేఖలో ఉండాలి. ఫోర్కు తన ప్రయాణంలో సగం దగ్గరకు వచ్చినప్పుడు కడ్డీకి లంబంగా ఉంటే పక్కబలం తక్కువగా ఉంటుంది. సిలిండరు ఏటవాలుగా నెట్టబడితే సీలు ఒకవైపే అరుగుతుంది.

స్లేవ్ పిస్టన్‌కు ముందువైపే కాక వెనుకవైపు కూడా చోటు వదలాలి. క్లచ్ ప్లేటు అరిగేకొద్దీ స్ప్రింగు వేళ్లు గేరుబాక్సు వైపుకు జరుగుతాయి, పిస్టన్‌ను వెనక్కు నెడతాయి. మిగులు ద్రవం ట్యాంకులోకి పోతుంది. కడ్డీల పద్ధతిలో అప్పుడప్పుడు నట్టు తిప్పి చేసే సవరణను ఇక్కడ ద్రవమే చేసుకుంటుంది. పిస్టన్‌కు వెనుక చోటు లేకపోతే స్ప్రింగు వేళ్లు బేరింగుకు ఆని ఆగిపోతాయి, క్లచ్ పూర్తిగా పట్టదు, జారడం మొదలవుతుంది.

గేరుబాక్సు లోపల షాఫ్టు చుట్టూ అమరే గుండ్రని స్లేవ్ సిలిండరు కూడా ఉంది. అందులో ఫోర్కే ఉండదు. చోటు ఇరుకైన చోట ఇది బాగుంటుంది. అయితే అది కారిందంటే గేరుబాక్సు మొత్తం దించాలి. బయట ఉన్నదానిని మార్చడానికి రెండు బోల్టులు చాలు. పాత కారును తానే బాగుచేసుకునే మనిషికి ఈ తేడా చిన్నది కాదు.

మాస్టర్ సిలిండరు కడ్డీకీ పిస్టన్‌కూ మధ్య సుమారు 1 మి.మీ. సందు ఉండాలని చెప్పుకున్నాం. ఎందుకు? పెడల్ వదిలినప్పుడు పిస్టన్ పూర్తిగా వెనక్కు వచ్చి, ట్యాంకుకు దారితీసే సన్నని రంధ్రాన్ని తెరవాలి. సందు లేకపోతే రంధ్రం మూసుకునే ఉంటుంది. ఇంజను వేడికి గొట్టంలోని ద్రవం వ్యాకోచించి, పోయే దారి లేక స్లేవ్ పిస్టన్‌ను నెడుతుంది. మీరు పెడల్ తొక్కకుండానే క్లచ్ జారుతుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, పది కిలోమీటర్లు పోయాక జారే క్లచ్‌లో మొదట చూడవలసినవాటిలో ఈ సందు ఒకటి.

ఒక్క ఘన సెంటీమీటరు గాలి

ద్రవాలు దాదాపు సంకోచించవు. వాయువులు సంకోచిస్తాయి. గొట్టంలో 1 ఘన సెంటీమీటరు గాలి మిగిలిపోయిందనుకుందాం. మన వ్యవస్థలో పీడనం వాతావరణ పీడనం కన్నా సుమారు 16 రెట్లు పెరుగుతుంది. మొత్తం పీడనం దాదాపు 17 రెట్లు అవుతుంది. బాయిల్ నియమం ప్రకారం ఆ గాలి 0.06 ఘన సెం.మీ.కు కుంచించుకుపోతుంది. అంటే మనం పంపిన 6.5 ఘన సెంటీమీటర్లలో 0.94 గాలిని నొక్కడానికే ఖర్చయింది. మిగిలింది 5.6 లోపే. బేరింగు కదలిక 7.3 మిల్లీమీటర్లకు పడిపోతుంది. కావలసినవి 8. ఒక్క ఘన సెంటీమీటరు గాలి క్లచ్‌ను పనికిరాకుండా చేసింది!

అందుకే గాలి తీయడం, అంటే బ్లీడింగ్, చివర్లో హడావిడిగా చేసే పని కాదు. స్లేవ్ సిలిండరుకు గాలి తీసే నిపుల్ పైవైపు ఉండేలా బిగించాలి, ఎందుకంటే గాలి పైకి చేరుతుంది. గొట్టాన్ని మధ్యలో గూనులా పైకి లేపితే ఆ గూనులో గాలి చిక్కుకుంటుంది. ఈ పనికి ఇద్దరు కావాలి. నిపుల్‌కు పారదర్శకమైన గొట్టం తొడిగి, దాని కొస ద్రవం ఉన్న సీసాలో ముంచాలి. ఒకరు పెడల్‌ను నెమ్మదిగా తొక్కుతుండగా రెండోవారు నిపుల్ వదులు చేస్తారు. పెడల్ అడుగుకు చేరగానే నిపుల్ బిగించి, ఆ తరువాతే పెడల్ వదలాలి. బుడగలు ఆగే వరకు ఇలా చేయాలి. మధ్యలో ట్యాంకు ఖాళీ కానివ్వకూడదు. అది ఖాళీ అయితే పని మళ్లీ మొదటికి వస్తుంది.

ఏ ద్రవం?

ఇందులో వాడేది బ్రేకు ద్రవమే. మన దగ్గర బ్రేక్ ఆయిల్ అంటారు కాని అది నిజానికి నూనె కాదు. డాట్ 3, డాట్ 4 రకాల ద్రవాలు గ్లైకాల్ ఈథర్ల మిశ్రమాలు. సిలిండరులోని రబ్బరు సీళ్లను ఈ ద్రవానికి తట్టుకునేలా తయారుచేస్తారు. పొరపాటున ఇంజను ఆయిల్ పోస్తే ఆ సీళ్లు ఉబ్బి, మెత్తబడి పాడవుతాయి.

ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరేకొద్దీ మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ద్రవం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. తేమ చేరినదానికి ఈ హద్దు 155 డిగ్రీలు. గొట్టం పొగ గొట్టానికి దగ్గరగా పోతే ద్రవం మరిగి ఆవిరి బుడగలు వస్తాయి, మళ్లీ బాయిల్ కథే. కనుక గొట్టాన్ని వేడికి దూరంగా నడపాలి. మూత తీసి చాలాకాలం ఉంచిన సీసాలోని ద్రవాన్ని వాడకూడదు. ఇది రంగును తినేస్తుంది కూడా. కారు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

క్లచ్ కోసం బ్రేకు వ్యవస్థ పీడన గొట్టాన్ని ఎన్నడూ చీల్చకూడదు. కొన్ని కంపెనీలు రెంటికీ ఒకే ట్యాంకు వాడినా, క్లచ్ గొట్టాన్ని ట్యాంకు పైభాగం నుంచే తీస్తాయి. క్లచ్ కారినా బ్రేకుకు ద్రవం మిగులుతుంది. ఇంట్లో చేసే మార్పిడికి విడి ట్యాంకే క్షేమం.

పరీక్ష, భద్రత, చట్టం

రోడ్డెక్కే ముందు చేయవలసిన పరీక్షలు మూడు. మొదట ఇంజను ఆపి, గేరు వేసి, వెనుక చక్రాలను స్టాండ్ల మీద లేపండి. పెడల్ తొక్కనప్పుడు రెండు చక్రాలనూ కలిపి ఒకేవైపు తిప్పబోతే తిరగకూడదు, తొక్కినప్పుడు తేలికగా తిరగాలి. పెడల్ అడుగుకు ఇంకా కొంత ఎత్తులో ఉండగానే చక్రాలు వదులైతే మిగులు ఉన్నట్లు. రెండోది, పెడల్‌ను ఒక నిమిషం తొక్కిపట్టండి. అది మెల్లగా కిందికి దిగుతుంటే సీలు లోపల కారుతోంది. మూడోది, ఇంజను వేడెక్కాక మొదటి పరీక్షను మళ్లీ చేయండి, ఇంజను ఆపిన తరువాతే సుమా.

జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందికి ఎన్నడూ దూరవద్దు. జాకీ ఎత్తడానికి, స్టాండు మోయడానికి. పాత క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ వాడేవారు. బెల్ హౌసింగులోని దుమ్మును గాలితో ఊదవద్దు, తడిగుడ్డతో తుడవండి. ఆ పోగులు ఊపిరితిత్తులకు ప్రాణాంతకమైన జబ్బులు తెస్తాయి.

ఇంజను బలం పెరిగినప్పుడు కారును ఆపే బలం కూడా పెరగాలి. మైనర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉండేవి. ఇంజను మార్చి, బ్రేకులను అలాగే వదిలేయడం సగం పనే అవుతుంది.

మన దేశంలో రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నియంత్రిస్తుంది. కనుక స్పానరు పట్టుకునే ముందే రవాణా అధికారులను సంప్రదించాలి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటిన వాహనం వింటేజ్ వాహనంగా నమోదు కావాలంటే అది అసలు రూపంలో ఉండాలి, ఇంజనులో, ఛాసిస్‌లో, బాడీలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. కారును సులువుగా నడుపుకోవడమా, దాని చరిత్రను యథాతథంగా కాపాడడమా అన్నది యజమాని ముందుగానే తేల్చుకోవలసిన విషయం. విప్పిన ప్రతి భాగాన్నీ భద్రపరచి, వీలైనంత వరకు రేకు కోయకుండా చేసిన మార్పును తరువాత వెనక్కు తిప్పవచ్చు.

సారాంశం

క్లచ్‌కు కావలసిన కదలిక నుంచి మొదలుపెట్టి స్లేవ్ సిలిండరుకు, అక్కడి నుంచి మాస్టర్ సిలిండరుకు, చివరికి పెడల్‌కు వెనక్కు లెక్కించుకుంటూ రావాలి. ఈ దారిలో పాస్కల్ నియమం బలాన్ని చెబుతుంది, ఘనపరిమాణం కదలికను చెబుతుంది, శక్తి నిత్యత్వం రెంటినీ సరిచూస్తుంది, బాయిల్ నియమం గాలి గురించి హెచ్చరిస్తుంది. వేర్వేరు అధ్యాయాల్లో చదివిన ఈ నియమాలన్నీ ఒక పెడల్ కింద ఒకేసారి పనిచేస్తాయి. కాగితం మీద పది నిమిషాల్లో అయ్యే ఈ లెక్కను వదిలేస్తే, గేరుబాక్సును రెండోసారి దించవలసి రావచ్చు.

ఆలోచించండి

1. పై ఉదాహరణలో మాస్టర్ సిలిండరు వ్యాసం 17.8 మి.మీ. అయితే రిలీజ్ బేరింగు ఎంత కదులుతుంది? క్లచ్ విడిపోతుందా?

2. 16 మి.మీ. మాస్టర్ సిలిండరునే ఉంచి, స్లేవ్ సిలిండరు వ్యాసం 19 మి.మీ. చేస్తే బేరింగు కదలిక, పెడల్ మీద బలం ఎలా మారుతాయి? వచ్చిన జవాబును శక్తి నిత్యత్వ నియమంతో సరిచూడండి.

3. గొట్టంలో 0.5 ఘన సెం.మీ. గాలి ఉంటే 19 మి.మీ. మాస్టర్ సిలిండరుతో క్లచ్ విడిపోతుందా?

4. మీ ఊళ్లోని మెకానిక్ షెడ్డుకు వెళ్లి, వాడి తీసేసిన మాస్టర్ సిలిండరును, స్లేవ్ సిలిండరును అడిగి చూడండి. రెండింటి లోపలి వ్యాసాలూ కొలిచి, వాటి వైశాల్యాల నిష్పత్తి కనుక్కోండి. ఆ వాహనం పెడల్ తేలికగా ఉంటుందో బరువుగా ఉంటుందో ముందు మీరు ఊహించండి, తరువాత మెకానిక్‌ను అడగండి.